ముఖదూషిక: ఒక పేరు, ఒక పూత, కొన్ని ప్రశ్నలు

పోయిన ఏడాది ఎండాకాలంలో మా ఎం.ఏ. విద్యార్థిని ఒకమ్మాయి సెమినార్లో పేపరు చదవనంది. పేపరు రాసింది, బాగా రాసింది. "ఇంకెవరైనా చదవండి మేడమ్, నేను వెనకాల కూర్చుంటాను" అంది. ముఖానికి చున్నీ చుట్టుకుని ఉంది. అందరూ వెళ్ళాక అడిగితే చున్నీ తీసి చూపించింది. మొటిమలు తగ్గుతాయని పదిరోజులు నిమ్మరసంలో పసుపు కలిపి రాసుకుని, కడిగీ కడగకుండా బస్సు కోసం ఎండలో నిలబడిందట. మొటిమలు అలాగే ఉన్నాయి. వాటి చుట్టూ చర్మం కమిలి నల్లబడింది. "ఇంట్లో దొరికేవే కదా మేడమ్, ఏం కాదనుకున్నా" అంది.

ఆ మాట చాలారోజులు నన్ను వదల్లేదు. ఎందుకంటే అది నా మాట కూడా. స్త్రీల సంప్రదాయ జ్ఞానం గురించి మాట్లాడాల్సి వచ్చినప్పుడల్లా నేను మా అమ్మమ్మ సానరాయిని ఉదాహరణగా తెచ్చేదాన్ని. నాకు పదహారేళ్ళప్పుడు ముఖం నిండా మొటిమలు వస్తే ఆవిడ లొద్దుగ చెక్క, వసకొమ్ము, ధనియాలు మెత్తగా నూరి రాసేది. ఆ పూతలో ఒక చరిత్ర ఉందనీ, పితృస్వామిక వైద్యం గుర్తించని ఒక జ్ఞానం ఉందనీ వాదించేదాన్ని. ఆ అమ్మాయి బుగ్గ చూశాక ఆ వాదనను మళ్ళీ మొదటినుంచీ చదువుకోవాల్సి వచ్చింది. ఈ వ్యాసం ఆ చదువే. పూతల్ని పొగడటానికో తిట్టటానికో రాస్తున్నది కాదు. పూత చుట్టూ అల్లుకున్న మాటల్ని ఒక పాఠంగా చదవడానికి చేస్తున్న ప్రయత్నం.

పేరుతో మొదలుపెడతాను. మొటిమని సుశ్రుతుడు ‘ముఖదూషిక’ అన్నాడు. ముఖాన్ని చెడగొట్టేది అని అర్థం. కఫం, వాతం, రక్తం దుష్టి చెంది యువత ముఖాలమీద బూరుగుచెట్టు ముళ్ళలాంటి పొక్కులు వస్తాయని వర్ణన. బూరుగు కాండం చూసినవాళ్ళకి ఆ పోలిక ఎంత కచ్చితమైనదో తెలుస్తుంది. వాగ్భటుడు ఆ పొక్కుల లోపల మేదస్సు ఉంటుందని చేర్చాడు. ఇవాళ తైలగ్రంథుల గురించి తెలిసిన మనకి ఆ పరిశీలన ఆశ్చర్యం కలిగిస్తుంది. చూపులో ఇంత సూక్ష్మత ఉంది. పేరులో మాత్రం తీర్పు ఉంది. జ్వరానికి, దగ్గుకి బాధ ప్రమాణం. ఇక్కడ చూసేవాళ్ళ కన్ను ప్రమాణం. ఇదే రోగాన్ని సుశ్రుతుడు నలభైనాలుగు ‘క్షుద్రరోగాల’ జాబితాలో చేర్చాడు. అంటే రోగంగా చిన్నది, ముఖానికి మాత్రం దూషణ. పెద్దగా పట్టించుకోనక్కర్లేదు కానీ కనపడకూడదు. ఈ రెండు మాటలూ ఇవాళ్టికీ మన ఇళ్ళలో ఒకే నోటినుంచి వినపడతాయి.

ఇంకో సంగతి. ఆ గ్రంథాలు ఈ పొక్కుల్ని ఆడవాళ్ళవని అనలేదు. సుశ్రుతుడు, వాగ్భటుడు ఇద్దరూ ‘యూనాం’ అన్నారు. వ్యాకరణ రీత్యా అది పుంలింగ రూపం, అర్థంలో యువత అంతా. తర్వాతి కాలపు శార్ఙ్గధరుడు ‘తారుణ్య పిడక’ అన్నాడు. వయసు పొక్కు అన్నమాట, తీర్పులేని పేరు. కౌమారంలో తీవ్రమైన మొటిమలు మగపిల్లలకే ఎక్కువని ఇవాళ్టి వైద్యమూ చెబుతుంది. మొటిమ ఆడపిల్ల సమస్యగా ఎప్పుడు మారిందో తారీఖు చెప్పలేం గానీ, ఎక్కడ మారిందో చెప్పగలం. పెళ్ళిచూపుల చాపమీద. అదే మొటిమ మా అన్నయ్య ముఖంమీద వస్తే "వయసొచ్చిందిరా" అని నవ్వారు. నా ముఖంమీద వస్తే మా పిన్ని గడ్డం పట్టుకుని వెలుగువైపు తిప్పి చూసింది.

పూత సంగతికొస్తాను. అమ్మమ్మ నూరిన లొద్దుగ, వస, ధనియాలు శార్ఙ్గధర సంహితలో తారుణ్య పిడకలకి చెప్పిన లేపమేనని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. సుశ్రుతుడు కూడా వస, లొద్దుగల్ని సైంధవ లవణం, ఆవాలతో కలిపి పూయమన్నాడు. ఇది చదివిన రోజు నాకు గర్వంగా అనిపించింది. మా అమ్మమ్మ సంస్కృతం రాకుండానే శాస్త్రం చెప్పిందని. కాసేపటికి ఆ గర్వంలో ఏదో తప్పు కనపడింది. శాస్త్రంలో ఉన్నందుకే అమ్మమ్మ జ్ఞానం గొప్పదయిందా? శాస్త్రమే ఎవరో అమ్మమ్మల దగ్గర నేర్చుకుని ఉండకూడదా?

చరకసంహిత మొదటి అధ్యాయంలో ఒక చోట మేకలు కాసేవాళ్ళకి, గొర్రెలు, పశువులు కాసేవాళ్ళకి, అడవిలో ఉండేవాళ్ళకి మొక్కల పేర్లు, రూపాలు తెలుసని ఉంది. ఆ వెంటనే, పేరూ రూపమూ తెలిసినంత మాత్రాన ఓషధి తెలిసినట్టు కాదని, ప్రయోగం తెలిసినవాడే తత్త్వం తెలిసినవాడనీ ఉంది. ఒకే ఊపిరిలో అప్పుని ఒప్పుకుని, అప్పిచ్చినవాళ్ళని కింద కూర్చోబెట్టడం ఇది. మొక్కలు ఏరిన ఆడవాళ్ళయితే ఆ అప్పుల జాబితాలో విడిగా కనపడనే కనపడరు. నాకు నచ్చిన నా ‘అమ్మమ్మ జ్ఞానం’ కథలో కూడా ఇలాంటి మరుపు ఒకటుంది. అమ్మమ్మకి నూరడం తెలుసు. లొద్దుగ చెట్టుని ఆవిడ జన్మలో చూడలేదు. చెక్క మూలికలు అమ్మే కొట్టునుంచి వచ్చేది. ఆ కొట్టుకి అడవినుంచి మోసుకొచ్చినవాళ్ళెవరో మా ఇంట్లో ఎవరూ అడగలేదు. పాడేరు ఏజెన్సీలో పసుపు పండించే ఆదివాసీ స్త్రీకి ఆ పసుపు ముందు పంట, తర్వాత తూకం, తర్వాత ధర. దళిత, ఆదివాసీ స్త్రీలు మనల్ని చాలాకాలంగా అడుగుతున్న ప్రశ్న ఇక్కడా వర్తిస్తుంది. ‘స్త్రీల జ్ఞానం’ అన్నప్పుడు ఏ స్త్రీలు? పెసరపిండి, గంధం, పాలమీగడతో ముఖం రుద్దుకునే తీరిక ఎవరి వంటింటిది?

లొద్దుగకి తెలుగు సాహిత్య చరిత్రలో కూడా ఒక చోటుంది. మద్రాసులో కేసరి కుటీరం స్థాపించిన డాక్టర్ కె.ఎన్.కేసరి తయారుచేసిన ‘లోధ్ర’ అనే స్త్రీల ఔషధం ఆ రోజుల్లో ఇంటింటా తెలిసిన పేరు. అదే కేసరి 1928లో ‘గృహలక్ష్మి’ పత్రిక మొదలుపెట్టారు. కనుపర్తి వరలక్ష్మమ్మ ‘శారద లేఖలు’ వచ్చింది అందులోనే. రచయిత్రులకి గృహలక్ష్మి స్వర్ణకంకణం ఇచ్చిందీ ఆ సంస్థే. ముట్టు బాధలకి అమ్మిన సీసా పేరు, ఆడవాళ్ళు రాసుకోవడానికి దొరికిన పేజీ పేరు ఒకే చిరునామానుంచి వెలువడ్డాయి. దీన్ని నేను వెక్కిరింపుగా చెప్పడం లేదు. మందుల అమ్మకం అండ లేకపోతే ఆ పేజీ ఎన్నాళ్ళు నిలిచేదో ఊహించడం కష్టం. కానీ అప్పటినుంచీ ఒక ముడి పడింది. స్త్రీల పత్రిక అంటే స్త్రీ దేహానికి సరుకు అమ్మే చోటు కూడా. తర్వాత్తర్వాత పత్రికల్లో లేఖలు తగ్గాయి, చిట్కాలు పెరిగాయి.

‘చిట్కా’ అనే ప్రక్రియని సాహిత్య విద్యార్థులుగా మనం ఎప్పుడైనా చదివామా? దాని వాక్య నిర్మాణం చూడండి. చెంచాడు ఇది, చిటికెడు అది కలిపి పట్టిస్తే మొటిమలు మాయమవుతాయి, ముఖం నిగనిగలాడుతుంది. కర్త లేదు. ఎవరు చెప్పారో, ఎవరికి పనిచేసిందో లేదు. ఎన్నాళ్ళకో లేదు. ‘అవుతాయి’ అనే భవిష్యత్తుకి అనుమానమే లేదు. తగ్గకపోతే ఏం చెయ్యాలో, మంట పుడితే ఎప్పుడు ఆపాలో లేదు. విఫలమైతే ఆ తప్పు రాసుకున్న అమ్మాయిదే. సరిగా కలపలేదు, క్రమం తప్పింది, నూనె పదార్థం తింది.

మా అమ్మమ్మ వాక్యం ఇలా ఉండేది కాదు. ఆవిడ మాటల్లో ‘అయితే’లు ఎక్కువ. ముందు మోచేతి మడతలో రాసి ఒక పూట చూడు. దురద పెడితే వద్దు. ఎర్రబడితే కడిగేసెయ్. రాసుకుని ఎండలోకి పోకు. చీము పట్టినదాని జోలికి పోకు. పండి పెద్దదైతే డాక్టరుకి చూపించాలి. నోటిమాటలో ఉన్న ఈ షరతులన్నీ అచ్చులోకి వచ్చేసరికి రాలిపోయాయి. స్థలం చాలకే కావచ్చు. కానీ రాలిపోయినవి షరతులే, మిగిలింది వాగ్దానమే. కాబట్టి చిట్కా అమ్మమ్మ జ్ఞానానికి కొనసాగింపు అనే మాటని నేనిప్పుడు ఒప్పుకోలేను. అది ఆ జ్ఞానం నుంచి జాగ్రత్తని తీసేసిన సంక్షిప్త రూపం. నా విద్యార్థిని ముఖం కమిలింది ఆ తీసివేత వల్ల. నిమ్మజాతి రసంలో ఉండే కొన్ని పదార్థాలు ఎండ తగిలితే చర్మాన్ని కాల్చినట్టు చేస్తాయి. మన సున్నిపిండిలో వేసే బావంచాల్లోనూ అలాంటి గుణమే ఉంది. ఆ గుణాన్నే బొల్లి వైద్యంలో ఉపయోగించుకుంటారు. మొక్కకి శక్తి ఉందని నమ్మేవాళ్ళు, ఆ శక్తి హాని కూడా చెయ్యగలదని నమ్మకపోవడం వింత.

గ్రంథాలనుంచి కూడా మనం మనకి కావలసిందే తీసుకున్నాం. సుశ్రుతుడు ఈ పొక్కులకి ముందుగా చెప్పింది పూత కాదు, వమనం. అంటే వాంతి చేయించడం. దాన్ని ఏ సబ్బు కంపెనీ ప్రకటనా గుర్తుచెయ్యదు. సంప్రదాయం మొత్తంగా మన దాకా రాలేదు. అమ్ముడుపోయే భాగం వచ్చింది.

మరి ఈ పూతలు పనిచేస్తాయా? ఈ ప్రశ్నని దాటేసి పాఠ విమర్శ చెయ్యడం నాకు నిజాయితీగా తోచడం లేదు. మొటిమ పుట్టుక గురించి ఇవాళ తెలిసింది ఇది. ఆండ్రోజెన్ల ప్రభావంతో తైలగ్రంథులు ఎక్కువ జిడ్డుని తయారుచేస్తాయి. రోమకూపం మూసుకుపోతుంది. అక్కడ సహజంగానే ఉండే క్యూటీబాక్టీరియం ఆక్నెస్ అనే సూక్ష్మజీవికి అనువు దొరుకుతుంది. వాపు వస్తుంది. వేప, పసుపుల్లోని పదార్థాలు ప్రయోగశాలలో సూక్ష్మజీవులమీద, వాపుమీద ప్రభావం చూపుతాయి. గాజుపాత్రనుంచి చెంపదాకా దారి మాత్రం పొడుగే. 1990లో ఆస్ట్రేలియాలో 124 మందిమీద జరిగిన పరీక్షలో ఐదు శాతం టీట్రీ నూనె, ఐదు శాతం బెంజాయిల్ పెరాక్సైడ్ రెండూ మొటిమల్ని తగ్గించాయి. నూనె నెమ్మదిగా పనిచేసింది, దానితో ఇబ్బందులు తక్కువ వచ్చాయి. 2015లో కొక్రేన్ సమీక్ష మొటిమలకి ప్రత్యామ్నాయ చికిత్సలమీద 35 పరీక్షల్ని పరిశీలించి, టీట్రీ నూనె, తక్కువ గ్లైసీమిక్ ఆహారం లాంటి కొన్నిటికి ఎంతో కొంత ఆధారం ఉన్నా అది బలహీనమైనదనీ, మూలికల విషయంలో గట్టిగా చెప్పగలిగినంత ఆధారం లేదనీ తేల్చింది. ఆధారం లేదంటే పనిచెయ్యదని రుజువైనట్టు కాదు. పనిచేస్తుందని చెప్పే హక్కు మనకి ఇంకా రాలేదని అర్థం.

ఆధారం అంటే ఏమిటనేది కూడా రాజకీయమే. పసుపుకి గాయాలు మాన్పే గుణం ఉందని 1995లో అమెరికాలో మిసిసిపీ విశ్వవిద్యాలయ వైద్యకేంద్రానికి పేటెంటు ఇచ్చారు. మన సీఎస్ఐఆర్ పోరాడి 1997లో దాన్ని రద్దు చేయించింది. ఆ పోరాటంలో సాక్ష్యాలుగా నిలిచింది సంస్కృత గ్రంథం, 1953లో ఇండియన్ మెడికల్ అసోసియేషన్ పత్రికలో అచ్చయిన వ్యాసం లాంటి రాతపత్రాలు. తరతరాలుగా తెగిన వేలిమీద పసుపు అద్దిన చేతులు సాక్ష్యానికి పనికిరాలేదు. మందులు, సౌందర్య సాధనాల చట్టం (1940) ఆయుర్వేద ఔషధాన్ని నిర్వచించేదీ మొదటి షెడ్యూల్లోని పుస్తకాల జాబితాతోనే. అందులో మన తెలుగునేల ‘బసవరాజీయం’ ఉంది, సంతోషం. వంటిల్లు లేదు.

మరో చిత్రం ఉంది. మొటిమల పొడి లాంటి మూలికా ఉత్పత్తులు మందులా, అలంకరణ సామగ్రా అనే తగాదా ఎక్సైజు సుంకం కోసం సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. 2006లో కోర్టు దాన్ని మందుగానే లెక్కించింది. పన్ను కోసమైనా ఎవరో ఒకరు ఆ ప్రశ్న అడిగారు. మొటిమ బాధా, లేక అందంలో లోపమా? ఇళ్ళలో మనం అడగం. అడగకుండానే జవాబు చెప్పేస్తాం.

అయితే ఆసుపత్రికి వెళ్ళు, సమస్య తీరిపోతుంది అని ముగిద్దామా? పాతికేళ్ళప్పుడు నేనూ వెళ్ళాను. డాక్టరు నా ముఖం చూసి, మా అమ్మతో మాట్లాడాడు. "పెళ్ళి కుదిరిందా?" అని అడిగాడు. ఐసోట్రెటినోయిన్ బిళ్ళలు రాశాడు. 1982లో అమెరికాలో అనుమతి పొందిన ఈ మందు తీవ్రమైన మొటిమలకి నిజంగా గట్టి మందు. గర్భంలో శిశువుకి ఘోరమైన హాని చేస్తుంది కూడా. అందుకే అక్కడ 2006నుంచి గర్భపరీక్షలు, నిరోధక జాగ్రత్తలు లేకుండా ఇవ్వకూడదనే కట్టుబాటు ఉంది. నాకు ఆ సంగతి ఎవరూ చెప్పలేదు. పెళ్ళి కాలేదు కాబట్టి గర్భం ప్రశ్నే లేదని డాక్టరు అనుకుని ఉంటాడు. ఒక ప్రపంచం నా ముఖాన్ని పెళ్ళిచూపుల వెలుగులో చూస్తే, రెండో ప్రపంచం నా దేహాన్ని పెళ్ళి అనే అర్హత పత్రంతో కొలిచింది. నెలసరి సరిగా వస్తోందా, గడ్డంమీద వెంట్రుకలు పెరుగుతున్నాయా అని కూడా అడగలేదు. అవి అడిగితే అండాశయాల సమస్య బయటపడే వీలుంటుంది. ఆ ప్రశ్నలు నన్ను మొదట అడిగింది, నిజం చెప్పాలంటే, అమ్మమ్మే.

ఈ రెంటి మధ్యా మూడో దారి వెతికినవాళ్ళు మన ముందు ఉన్నారు. 1991లో హైదరాబాదు నుంచి వచ్చిన ‘సవాలక్ష సందేహాలు’ ఆడవాళ్ళ దేహం గురించి ఆడవాళ్ళకే వాళ్ళ భాషలో చెప్పింది. శోధిని బృందం 1997లో వెలువరించిన ‘టచ్ మి, టచ్-మి-నాట్’ మూలికలు తెలిసిన పల్లె స్త్రీలతో కలిసి పనిచేసి, ఏ మొక్క ఏ బాధకి అని నమోదు చేసింది. నాకు ఆ పనిలో నచ్చింది మొక్కల జాబితా కాదు, వినే పద్ధతి. చెప్పేవాళ్ళని గౌరవించి, చెప్పినదాన్ని పరీక్షించడం. గౌరవించాలంటే పరీక్షించకూడదనీ, పరీక్షిస్తే అవమానించినట్టేననీ మనం ఇన్నాళ్ళూ అనుకున్నాం. అమ్మమ్మ మోచేతి మడతలో రాసి చూడమన్నది పరీక్ష కాక మరేమిటి?

ఆ అమ్మాయికి నేను సలహాగా చెప్పింది కొంచెమే. నిమ్మకాయ, పసుపు ఆపెయ్యమన్నాను. చర్మవైద్యురాలి దగ్గరికి తోడు వెళ్ళాను. మందు ఇస్తే దాని గురించి ఏమేం అడగాలో ఇద్దరం కాగితంమీద రాసుకుని వెళ్ళాం. నల్లమచ్చలు తగ్గడానికి నెలలు పట్టింది. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో తను అడిగింది, "మరి మీ అమ్మమ్మగారి పూత పనిచేసిందా మేడమ్?" అని.

ఎన్నో సభల్లో పనిచేసిందనే చెప్పాను. ఆ రోజు మాత్రం తెలియదన్నాను. పదహారేళ్ళకి వచ్చిన మొటిమలు పందొమ్మిదికి తగ్గాయి. మధ్యలో పూత ఉంది, గడిచిన మూడేళ్ళ వయసూ ఉంది. వాటంతటవే తగ్గేవేమో. పాతికేళ్ళకి మళ్ళీ వచ్చినప్పుడు అమ్మమ్మ లేదు. ఎడమచెంపమీద రెండు గుంటలు మిగిలాయి.

తెలిసింది ఒక్కటే. పిన్ని నా గడ్డం పట్టుకుని వెలుగువైపు తిప్పినప్పుడు నా ముఖం సరుకైంది. అమ్మమ్మ అదే ముఖాన్ని ఒళ్ళో పెట్టుకుని, చూపుడువేలితో ఒక్కొక్క మొటిమ మీదా పూత అద్దుతూ "మండుతోందా, తియ్యనా?" అని అడిగినప్పుడు అది నా ముఖమే. మనం పత్రికల్లోకి, పరిశోధనల్లోకి తెచ్చుకోవలసింది ఆ లొద్దుగ చెక్కకంటే ముందు ఆ ప్రశ్న. చిట్కాలో లేనిదీ, డాక్టరు అడగనిదీ అదే.

ఆ అమ్మాయి తర్వాతి సెమిస్టరులో పేపరు చదివింది. చున్నీ భుజంమీద ఉంది. మచ్చలు ఇంకా పూర్తిగా పోలేదు.